ఐదువేల కుట్టు

నరసన్నపేట బస్టాండు ఎనకాల
నాలుగడుగుల కొట్టు నాది.
లంగాలు, జాకెట్లు, సీరలకి ఫాలు,
జూను నెలొస్తే ఇస్కూలు బట్టలు.
బోర్డు మీద నా పేరు నేదు,
లేడీస్ టైలర్ అని ఉన్నాది, సాల్దా.

మా ఈది గుంటడు దాలినాయుడు
మొదటిసారి కబాడీకి ఎల్లినప్పుడు
నిక్కరు నానే కుట్టినాను,
ఆళ్ళయ్య లుంగీ సింపి.
ఒక కాలు మీద గళ్ళు నిలువు,
రెండోకాలు మీద ఏటవాలు.
గుడ్డ సాల్నేదు మరి.
ఆ నిక్కరుతోటే కోటబొమ్మాళి పందెంలో
నలుగుర్ని ముట్టీసి గీత దాటొచ్చీసినాడు.
నలుగురూ ఆ గళ్ళు సూసి నవ్వుతున్నారట.
నవ్వేవోడి కాలు బేగి దొరుకుతాది.

ఇప్పుడాడు టీవీలో ఆడతన్నాడు.
ఏలంపాట పెట్టి కొనుక్కున్నారట,
సంతలో దూడని కొన్నట్టు.
జట్టు రంగు, ఏటి సెప్పను,
బత్తాయి తొక్కా పసుపుముద్దా కలిపి
మీద నేరేడురసం ఒంపీసినట్టు.
గుండె మీద సిమెంటు.
ఈపు మీద వొంటనూనె.
కుడి భుజం మీద దోమల మందు.
ఎడం తొడ మీద అప్పులిచ్చీవోడెవడో.
పులిబొమ్మ కూడా ఉన్నాదట,
ఆ కంపెనీల మధ్యన ఎతుక్కోవాల.

పేరు అయిదు అచ్చరాలు దాటకూడదన్నారట.
దాలినాయుడు ఉత్త దాలి అయిపోనాడు.
నాయుణ్ణి నూనె కంపెనీ తినీసింది.

రూల్సు ఫోనులో సెప్పినాడు.
ఉంగరం ఉండకూడదు, గోరు ఉండకూడదు,
ఒంటికి నూనె రాయకూడదు,
ఈపు మీద నూనెబొమ్మ మట్టుకు ఉండాల.
తాయెత్తు తీసీయాల, మొలతాడు తెంపీయాల.
జుట్టుకి ఎర్రరంగు ఏసుకోవాల,
అది కాంట్రాక్టులో ఉన్నాదట.
"మొలతాడు తెంపీసినాను పిన్నీ"
అని కాసేపు మాటాడ్నేదు.
అంతమంది ముందు, అన్ని బొమ్మలు కట్టుకుని,
ఒంటి మీద గుడ్డే లేనట్టుందట ఆడికి.

సెలవులకొచ్చి జెర్సీలు నా ముందు పడీసినాడు.
"నడుం కాడ వొదులు పిన్నీ,
అక్కడే పట్టీసుకుంటన్నారు. సరిసెయ్యి."
ముట్టుకుంటే జర్రున జారిపోనాది.
పొందూరు ఖద్దరు కుట్టిన సేతులివి,
గుడ్డ ఊపిరి తీస్తాదని తెలుసు నాకు.
ఇది ఊపిరి తియ్యదు, సెమట తాగదు,
సూది గుచ్చినా ఉలకదు.
సన్నం సేసినాను.
నిక్కరు నడుంపట్టీ లోపల, లబ్బరు పక్కన,
నల్లదారం మూడు పేటలు పెట్టి
కుట్టీసినాను.
ఆడిక్కూడా సెప్పనేదు.

ఓ మంగళారం రేత్రి ఫోను.
"ఏటి సేసినావు పిన్నీ?"
ఆటకి ముందు బట్టలు తడిమీ ఆయన
నడుంపట్టీ తిరగేసినాడట,
దారం కొస ఒకటి బయటికొచ్చి ఉన్నాదట.
అది నా తప్పే.
సివరి ముడి ఏసీ యేళకి కరెంటు పోనాది.
కంపెనీ కుట్టు కానిది ఒంటి మీద ఉండకూడదట.
జరిమానా ఐదువేలు.

సీరకి ఫాలు ఏస్తే నలభై.
నూట పాతిక సీరలు.
నూట పాతికమంది ఆడోళ్ళ పాదాల సుట్టూ
నా కళ్ళు తిరిగి రావాల,
మూరెడు దారానికి.

"డబ్బులు నానిచ్చీస్తాన్రా" అన్నాను.
"ఒగ్గీ పిన్నీ, ఆట గెలిసినాం."
"దారమో?"
"కత్తిరించీసినారు.
బయటికొచ్చిన కొస మట్టుకే."

ఈసారి నలుపు ఒద్దనుకున్నాను.
ఆ బత్తాయి తొక్క రంగు దారం
పేటలో ఏ కొట్లోనూ దొరకనేదు.
బస్సెక్కి శ్రీకాకుళం ఎల్లినాను, జీటీ రోడ్డుకి.
జెర్సీ ముక్క కౌంటరు మీద పెడితే
కొట్టువోడు అటు తిప్పి ఇటు తిప్పి
"ఇలాటి రంగు ఎవులు కట్టుకుంటారమ్మా?" అన్నాడు.

రెండుండలు ఇయ్యమన్నాను.